సమయానికి చెప్పిన మంచి మాట: ముహమ్మద్ మార్మడ్యూక్ పిక్తాల్ జీవితం

సర్వ స్తోత్రాలూ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన ప్రియ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులందరిపై శాంతీ శుభాలు కురియుగాక!

మన ఇళ్లలో తప్పు ఎత్తి చూపడానికి ఎవరూ మొహమాటపడరు. కూరలో ఉప్పు ఎక్కువైతే ఆ మాట దస్తర్‌ఖాన్ మీదనే వినబడుతుంది. ఉప్పు సరిపోయిన రోజున మాత్రం తిన్నవాడు చేయి కడుక్కుని మౌనంగా లేచిపోతాడు. కొడుక్కి మార్కులు తగ్గితే తండ్రి గంటసేపు మాట్లాడతాడు. పెరిగితే, ఇంకా రావలసింది అని ఒక్క ముక్కతో సరిపెడతాడు. మస్జిద్‌లో మైకు పనిచేయకపోతే ముఅజ్జిన్ సాబ్‌ను పదిమంది నిలదీస్తారు. ఏడాది పొడవునా చలిలో, వానలో ఫజ్ర్ అజాన్ వేళ తప్పకుండా ఇచ్చినందుకు ఆయన చేయి పట్టుకుని జజాకల్లాహ్ అన్నవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

పొగిడితే పిల్లలు చెడిపోతారని కొందరి భయం. మనసులో అభిమానం ఉంటే చాలదా, పైకి చెప్పాలా అని మరికొందరి వాదన. ఈ రెండు మాటలకూ జవాబు దైవప్రవక్త (స) సంప్రదాయంలో ఉంది. మన హైదరాబాదు గడ్డ మీద పదేళ్లు గడిపి, ఖుర్ఆన్ భావాన్ని ఆంగ్లంలోకి తెచ్చిన ఒక మహనీయుని జీవితంలోనూ ఉంది. ముందుగా సంప్రదాయాన్ని చూద్దాం, ఆ తర్వాత ఆ మహనీయుని వద్దకు వెళదాం.

ప్రవక్త (స) వారి పద్ధతి

మనుషులకు కృతజ్ఞత తెలుపని వాడు అల్లాహ్‌కు కూడా కృతజ్ఞత తెలిపినట్లు కాదని దైవప్రవక్త (స) బోధించారు. దీన్ని బట్టి షుక్ర్ అనేది కేవలం నమాజు చాప మీద ముగిసిపోయే పని కాదని తెలుస్తోంది. అల్లాహ్ మేలు మనకు ఏ మనిషి చేతి గుండా అందిందో ఆ మనిషిని గుర్తించటం కూడా షుక్ర్‌లో భాగమే.

ఒకసారి ఒక సహచరుడు అటుగా పోతున్న మరొకరిని చూసి, తనకు ఆయనంటే ఎంతో అభిమానమని ప్రవక్త (స) వారితో చెప్పారు. ఆ సంగతి ఆయనకు తెలియజేశావా అని ప్రవక్త (స) అడిగారు. లేదనగా, వెళ్లి చెప్పమని ఆదేశించారు. మనసులో ఉంటే చాలదా అనేవారికి ఇదే సమాధానం. హజ్రత్ ముఆజ్ (రజి) చేయి పట్టుకుని, తనకు ఆయన మీద ప్రేమ ఉందని స్వయంగా చెప్పిన తర్వాతనే ప్రవక్త (స) ఆయనకు నమాజు తర్వాత చేయవలసిన ఒక దుఆ నేర్పారు. ముందు ఆప్యాయత, ఆ వెనుక పాఠం.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) యువకుడిగా ఉన్నప్పుడు ఒక కల కన్నారు. ఆ కల సంగతి సోదరి హజ్రత్ హఫ్సా (రజి) ద్వారా ప్రవక్త (స) వారికి చేరింది. అబ్దుల్లాహ్ ఎంతో మంచి మనిషి, రాత్రివేళ నమాజు కూడా చేస్తుంటే ఇంకెంత బాగుంటుందోనన్న భావం వచ్చేలా ప్రవక్త (స) పలికారు. చూడండి, ఇందులో మెప్పు ఉంది, సంస్కరణ కూడా ఉంది. కాని మెప్పు ముందు వచ్చింది. ఆ తర్వాత హజ్రత్ ఇబ్ను ఉమర్ (రజి) రాత్రిళ్లు చాలా తక్కువ నిద్రపోయేవారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. పొగిడితే మనిషి చెడిపోతాడన్న భయం ఇక్కడ ఎక్కడ నిలబడుతుంది?

ఈ బాట మీదే మన పెద్దలూ నడిచారు. హదీసు శాస్త్రంలో శిఖరమంతటి ఇమామ్ జహబీ (రహ్మతుల్లాహి అలైహి) యువకునిగా ఉన్నప్పుడు, ఆయన చేతిరాత ముహద్దిసుల చేతిరాతలా ఉందని ఇమామ్ బిర్జాలీ (రహ్మతుల్లాహి అలైహి) మెచ్చుకున్నారు. ఆ ఒక్క మాటతో తన మనసులో హదీసు విద్య మీద ప్రేమ నాటుకున్నదని ఇమామ్ జహబీ స్వయంగా చెప్పుకున్నారు. పలకటానికి ఒక్క క్షణం పట్టిన మాట! దాని ఫలాన్ని మన మదర్సాల్లో ఏడు వందల ఏళ్లుగా చదువుతూనే ఉన్నాం.

పరీక్ష తప్పిన కుర్రవాడు

ఇప్పుడు మన కథానాయకుని వద్దకు వద్దాం. ఆయన పేరు మార్మడ్యూక్ పిక్తాల్. 1875 ఏప్రిల్ 7న లండన్‌లో ఒక క్రైస్తవ మతగురువు ఇంట జన్మించారు. ఐదారేళ్ల ప్రాయంలోనే తండ్రి నీడ తొలగిపోయింది. చిన్నతనంలో జబ్బుచేసి ఆరోగ్యం దెబ్బతిన్నది. లెక్కలంటే గుండెదడ. ఇంగ్లండులో సంపన్నుల పిల్లలు చదివే హారో పాఠశాలలో చేర్చారు. తర్వాతి కాలంలో బ్రిటన్ ప్రధాని అయిన చర్చిల్ కూడా ఆ రోజుల్లో అక్కడే చదివేవాడు. సిగ్గరి అయిన పిక్తాల్‌కు ఆ పాఠశాల ఏమాత్రం సరిపడలేదు. కొంతకాలానికే బయటికి వచ్చేశాడు.

అతనికి అల్లాహ్ ఇచ్చిన వరం భాషలు. ఏ భాషనైనా ఇట్టే పట్టుకునేవాడు. ఆ బలంతోనే తూర్పు దేశాల్లో బ్రిటిష్ ప్రభుత్వ దౌత్య ఉద్యోగం కోసం పరీక్ష రాశాడు. భాషల్లో రాణించినా మొత్తం మీద గట్టెక్కలేకపోయాడు. పద్దెనిమిదేళ్ల కుర్రవాడికి లోకం అంతా చీకటైపోయింది.

ఇలాంటి సమయంలో మన ఇళ్లలో ఏం జరుగుతుందో మనకు తెలుసు. బంధువులు వచ్చి పోతుంటారు, ఫలానావారి అబ్బాయి పాసయ్యాడని చెప్పిపోతుంటారు. పిక్తాల్ తల్లి మాత్రం కొడుకు ఓడిన పరీక్షను కాక, అతనికి ఉన్న విద్యను చూసింది. తూర్పు దేశాలకు వెళ్లి అక్కడి భాషలు నేర్చుకుంటానంటే అడ్డు చెప్పక సాగనంపింది. ఆ విధవరాలు తన కొడుకు మీద ఉంచిన నమ్మకమే అతని జీవితంలోని మొదటి మలుపు. 1894లో ఆ కుర్రవాడు ఈజిప్టులో ఓడ దిగాడు. అక్కడి నుంచి ఫలస్తీనా, సిరియాలకు చేరాడు. తోటి ఆంగ్లేయులకు దూరంగా, అరబ్బుల దుస్తులు తొడిగి, పల్లెల్లో తిరిగి, వారి భాషను వారి నోటనే నేర్చుకున్నాడు. ముస్లిముల జీవితంలో అతనికి కనిపించిన నిబ్బరం, అతిథి మర్యాద అతని మనసును కట్టిపడేశాయి.

దమిష్క్ షేఖ్ చూపిన ఆప్యాయత

దమిష్క్ నగరంలో బనీ ఉమయ్యా జామె మస్జిద్ ఉలమాల పెద్ద వద్ద పిక్తాల్ అరబీ చదువుకునేవాడు. ఒకరోజు ఆ కుర్రవాడి మనసు పొంగి, తాను ఇస్లాం స్వీకరిస్తానని షేఖ్‌తో అన్నాడు. ఒక ఆంగ్లేయుడు, అదీ పాద్రీ కొడుకు, తన చేతి మీద కలిమా చదివాడంటే ఊరంతా షేఖ్ పేరు మారుమోగేది. అయినా ఆయన తొందరపడలేదు. ఇంట్లో తల్లి ఉన్నది కదా, ఆమెను సంప్రదించావా అని అడిగారు. వయసు రానిమ్మని, స్వదేశాన్ని మళ్లీ చూసి రమ్మని, తనకూ ఒక కొడుకున్నాడని, ఆ కొడుకును పరదేశంలో ఎవరైనా తొందరపెడితే తనకెలా ఉంటుందో అలాగే ఆలోచిస్తున్నానని తండ్రిలా నచ్చజెప్పారు.

ఇక్కడ ఒక ధర్మ విషయం గుర్తుంచుకోవాలి. ఇస్లాంలోకి రాదలచిన వ్యక్తిని జాప్యం చేయమనడం తగదన్నది ధర్మవేత్తల నియమం. ఆ నియమం తన స్థానంలో అలాగే ఉంటుంది. ఆ షేఖ్ నిర్ణయాన్ని అల్లాహ్‌కు వదిలి, మనం ఆయన మాటలోని ఆప్యాయతను మాత్రం చూద్దాం. ముస్లిములకు మనుషుల్ని తమ మతంలో కలుపుకోవాలన్న ఆత్రం తప్ప వేరే ధ్యాస ఉండదని ఇంగ్లండులో ఆ కుర్రవాడు విని ఉన్నాడు. ఈ వృద్ధుడు తన పేరు కన్నా, తన ఎదుట ఉన్న మనిషి మేలును ముందు చూశాడు. ఆ అనుభవం పిక్తాల్ గుండెలో విత్తనంలా పడింది. మొలకెత్తడానికి ఇరవై ఏళ్లు పైగా పట్టింది.

మనం మెచ్చుకునేటప్పుడు మన మనసును ఇక్కడే పరీక్షించుకోవాలి. ఎదుటివాని మేలు కోసం మాట్లాడుతున్నామా? లేక వాడి వల్ల మనకు వచ్చే పేరు కోసమా?

మెప్పు దొరికిన రోజులు, దొరకని రోజులు

ఇంగ్లండుకు తిరిగివచ్చిన పిక్తాల్ 1896లో మ్యూరియల్ అనే ఆమెను వివాహమాడారు. కలం పట్టి జీవించాలని నిశ్చయించుకున్నారు. తొలి ఏళ్లు కష్టంగా గడిచాయి. 1903లో సయీద్ అనే సిరియా జాలరి జీవితం మీద రాసిన నవల పేరు తెచ్చింది. హెచ్.జి.వెల్స్, ఇ.ఎం.ఫార్‌స్టర్ వంటి పేరుమోసిన రచయితలు ఆయన కలాన్ని మెచ్చుకున్నారు. తూర్పు దేశాల మనుషులను మనుషులుగా చూపించిన ఆంగ్ల రచయితగా ఆయనకు గుర్తింపు వచ్చింది.

కాని అల్లాహ్ తన దాసుణ్ణి మరోవైపు నుంచి కూడా పరీక్షిస్తాడు. 1913లో పిక్తాల్ కొన్ని నెలలు తుర్కీలో గడిపి వచ్చారు. బాల్కన్ యుద్ధంలో ముస్లిములు పడిన బాధలను ఇంగ్లండు పత్రికలు పట్టించుకోకపోవడం ఆయనను కలచివేసింది. 1914లో మొదలైన ప్రపంచ యుద్ధంలో తుర్కీ బ్రిటన్‌కు శత్రు పక్షమైంది. అప్పుడు కూడా ఆయన తుర్కీ పట్ల న్యాయంగా మాట్లాడటం మానలేదు. నిన్నటిదాకా మెచ్చినవారు ముఖం చాటేశారు. మెప్పు కోసమే రాసే రచయిత అయితే అక్కడితో కలం దారి మార్చుకునేవాడు. ఆయన మార్చుకోలేదు.

పైగా అదే రోజుల్లో, అంటే 1917 నవంబరులో, లండన్‌లో ఇస్లాం మీద ఒక ఉపన్యాసం ముగించి, అందరి ఎదుటా తాను ముస్లిమునని ప్రకటించారు. అప్పటికి ఆయన వయసు నలభై రెండు. ముస్లిమైతే లోకం మెచ్చుకునే కాలం కాదది, వెక్కిరించే కాలం. అప్పటి నుంచి ఆయన ముహమ్మద్ మార్మడ్యూక్ పిక్తాల్ అయ్యారు. లండన్‌లోని చిన్న ముస్లిం సమాజానికి నమాజులు చదివించారు, ఖుత్బాలు ఇచ్చారు.

1920లో బొంబాయి నుంచి పిలుపు వచ్చింది. అక్కడ బాంబే క్రానికల్ అనే దినపత్రికకు సంపాదకులయ్యారు. ఖిలాఫత్ ఉద్యమాన్నీ, భారతీయుల స్వాతంత్ర్య ఆకాంక్షనూ తన కలంతో బలపరిచారు. ఉర్దూ నేర్చుకున్నారు. పత్రిక విధానం మారే పరిస్థితి రాగా 1924లో రాజీనామా చేశారు. వయసు యాభైకి చేరువైంది, చేతిలో ఉద్యోగం లేదు, స్వదేశంలో ఆదరణ లేదు.

హైదరాబాదు ఇచ్చిన ఆదరణ

సరిగ్గా ఆ సమయంలో హైదరాబాదు రాజ్యం ఆయనను ఆదరించింది. అది మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనా కాలం. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడి, ఉర్దూలో ఉన్నత విద్య సాగుతున్న రోజులు. 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ అరబీ ప్రాచీన గ్రంథాలను వెలికితీసి అచ్చువేస్తున్న రోజులు. సర్ సయ్యద్ మనుమడు రాస్ మసూద్ విద్యాశాఖకు డైరెక్టరుగా ఉండేవారు. 1925లో పిక్తాల్ సాహెబ్ చాదర్‌ఘాట్ హైస్కూలు ప్రిన్సిపాలుగా నియమితులయ్యారు. మూసీ ఒడ్డున ఉన్న ఆ చాదర్‌ఘాట్, సికింద్రాబాద్ రైలు స్టేషను పక్కనే ఉన్న మన చిలకలగూడ నుంచి ఎంతో దూరం కాదు. లండన్ వీధుల్లో ఒంటరివాడైన మనిషికి మన ఊరు ఇల్లయింది.

1927లో హైదరాబాదు నుంచి ఇస్లామిక్ కల్చర్ అనే ఆంగ్ల త్రైమాసిక పత్రిక ఆయన సంపాదకత్వంలో వెలువడింది. సంపాదకుని పని అంటే ఏమిటి? ఇతరుల కృషిని వెలుగులోకి తేవడమే కదా. తూర్పు, పడమర విద్వాంసుల పరిశోధనలకు ఆ పత్రిక వేదిక అయింది. ముస్లిమేతర పండితుడు రాసినా, విషయం నిజాయితీగా ఉంటే చోటు దొరికేది.

అదే ఏడాది మద్రాసు నుంచి ఆహ్వానం వచ్చింది. అక్కడ తోళ్ల వ్యాపారంలో పేరుపొందిన సేఠ్ జమాల్ ముహమ్మద్, ఇస్లాం మీద ఉపన్యాసాలు ఇప్పించడానికి పండితులను పిలిపించేవారు. 1925లో అల్లామా సయ్యద్ సులైమాన్ నద్వీ, 1927లో పిక్తాల్ సాహెబ్, 1929లో అల్లామా ఇక్బాల్ ఆ పిలుపు మీద వెళ్లినవారే. ఆ ముగ్గురి ఉపన్యాసాలూ పుస్తకాలుగా నేటికీ చదవబడుతున్నాయి. ఉపన్యాసకుల పేర్లు అందరికీ తెలుసు. పిలిచి, ఖర్చు భరించి, కూర్చుని విన్న ఆ వ్యాపారి పేరు ఎందరికి తెలుసు? అల్లాహ్ వద్ద ఆయన వాటా తగ్గదు, ఇన్షా అల్లాహ్.

పిక్తాల్ సాహెబ్ మనసులో ఎంతోకాలంగా ఒక కోరిక ఉంది. ఖుర్ఆన్ భావాన్ని, దాన్ని విశ్వసించే ఒక ఆంగ్లేయుడు తన మాతృభాషలో చెప్పాలి. బడి పని, పత్రిక పని చేసుకుంటూ అంత పెద్ద పని ముగించటం సాధ్యం కాదు. 1928లో నిజాం ఆయనకు పూర్తి జీతంతో రెండు సంవత్సరాల సెలవు మంజూరు చేశారు. శాబాష్ అని ఒక మాట అనడం తేలిక. మెచ్చిన మనిషికి తీరిక కల్పించటం, అతని ఇంటి ఖర్చు తాను చూసుకోవటం అసలైన హౌసలా అఫ్జాయీ. ఆ రెండేళ్ల జీతం ఖజానాలో మిగిలి ఉంటే ఈనాటికి దాని లెక్క కూడా ఎవరికీ గుర్తుండేది కాదు.

ఖాహిరాలో ఒక క్లిష్ట సమయం

అనువాదం సిద్ధమయ్యాక, దాన్ని అరబీ మాతృభాషగా గల పండితులతో సరిచూపించుకోవాలని పిక్తాల్ సాహెబ్ 1929లో ఈజిప్టు వెళ్లారు. తన విద్య మీద తనకెంత నమ్మకమున్నా, దైవవాణి విషయంలో ఒంటరిగా నిర్ణయించుకోలేదు. ఇది ఆయన వినయం.

కాని ఆ రోజుల్లో ఖాహిరాలో ఖుర్ఆన్ అనువాదం మీద తీవ్రమైన వాదోపవాదాలు సాగుతున్నాయి. దైవవాణిని మరో భాషలోకి మార్చడమే ధర్మసమ్మతం కాదని జామె అజ్‌హర్ పండితుల్లో కొందరి అభిప్రాయం. వారి ఉద్దేశం చెడ్డది కాదు. మూలం పక్కకు పోయి అనువాదమే ఖుర్ఆన్‌గా చెలామణి అవుతుందేమోనన్నది వారి ఆందోళన. పిక్తాల్ సాహెబ్ కూడా ఆ విషయంలో జాగ్రత్తగానే ఉన్నారు. ఖుర్ఆన్‌ను అనువదించటం అసాధ్యమని, తాను చేసేది దాని భావాన్ని తెలియజేసే ప్రయత్నం మాత్రమేనని ఆయన విశ్వాసం. అందుకే గ్రంథం పేరులోనే అర్థం అనే మాట చేర్చారు. అయినా అభ్యంతరాలు ఆగలేదు. ఏళ్ల కష్టం అచ్చుకు చేరకముందే ఆగిపోతుందేమో అన్నంతవరకు వచ్చింది.

ఆ సమయంలో ఆయనకు అండగా నిలిచినవారు షేఖ్ ముస్తఫా అల్ మరాగీ. ఆయన జామె అజ్‌హర్‌కు అధిపతిగా ఉండి, అప్పుడే ఆ పదవి నుంచి తప్పుకున్న మహాపండితులు. తాను నడిచే దారి సరైనదన్న గట్టి నమ్మకం ఉంటే అల్లాహ్ పేరుతో ముందుకు సాగమని, తమలో ఎవరు ఏమన్నా లక్ష్యపెట్టవద్దని ఆయన పిక్తాల్ సాహెబ్‌ను ప్రోత్సహించారు. తమలో ఎవరు ఏమన్నా అన్న మాటలో ఆయన తనను కూడా కలుపుకున్నారు, గమనించండి! పెద్ద పండితుడు చిన్నవాని కృషిని గౌరవించే తీరు ఇది.

మాటతో ఆగకుండా కష్టమైన చోట్ల సలహాలు ఇచ్చారు. ఖాహిరా వైద్య కళాశాలకు చెందిన ముహమ్మద్ అహ్మద్ అల్ గమ్రావీ గారు మూడు నెలలపాటు కూర్చుని వ్రాతప్రతిని మాట మాటా సరిచూశారు. ఆ విధంగా 1930లో ఆ ఆంగ్ల గ్రంథం వెలుగు చూసింది. ఇస్లాం స్వీకరించిన ఒక ఆంగ్లేయుడు చేసిన మొట్టమొదటి ఖుర్ఆన్ అనువాదంగా అది ప్రసిద్ధి పొందింది. నేటికీ దేశదేశాల్లో అచ్చవుతూనే ఉంది.

పేరుపేరునా కృతజ్ఞత

తనకు అందిన ప్రోత్సాహాన్ని ఆయన మరచిపోలేదు. ఆ గ్రంథం ముందుమాట చూడండి. అందరికీ ధన్యవాదాలు అని ఒక్క వాక్యంతో ముగించలేదు. ఎవరు ఏ మేలు చేశారో విడివిడిగా పేర్కొన్నారు. ఈజిప్టులో ఉపయోగపడిన పరిచయ లేఖ ఇచ్చిన లార్డ్ లాయిడ్‌కు, నిఘంటువుల్లో దొరకని పాత అరబీ పదాల అర్థాలు అందించిన డాక్టర్ క్రెంకోకు, మూడు నెలల ఓపికకు గమ్రావీ గారికి, మార్గదర్శకత్వానికి షేఖ్ మరాగీకి, ఆ సవరణ పని సాధ్యమయ్యేలా పూనుకున్న ఫుఆద్ బే సలీమ్ అల్ హిజాజీకి, ఇలా ఎవరి హక్కు వారికి చెల్లించారు. అందులో ముస్లిం ఉన్నాడు, ముస్లిమేతరుడు ఉన్నాడు, పండితుడు ఉన్నాడు, అధికారి ఉన్నాడు.

చేసిన పనిని పేరు పెట్టి చెప్పినప్పుడే, మన శ్రమను ఎదుటివాడు నిజంగా చూశాడని మనకు తెలుస్తుంది. నువ్వు మంచివాడివి అనడం వేరు. నిన్న రాత్రి నాకు జ్వరం వస్తే తెల్లవార్లూ మేలుకున్నావు, అల్లాహ్ నీకు మేలు చేయుగాక అనడం వేరు.

చివరి రోజులు

1935లో పదవీ విరమణ చేసి పిక్తాల్ సాహెబ్ ఇంగ్లండుకు తిరిగి వెళ్లారు. అక్కడ తన మద్రాసు ఉపన్యాసాలను సరిదిద్దుకుంటూ ఉండగా 1936 మే 19న అల్లాహ్ సన్నిధికి చేరారు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. బ్రూక్‌వుడ్‌లోని ముస్లిం ఖబరస్తాన్‌లో ఆయనను ఖననం చేశారు. ఆయన పోయిన తర్వాత 1938లో ఆ అనువాదం అరబీ మూలంతో సహా హైదరాబాదు ప్రభుత్వ ముద్రణాలయం నుంచి వెలువడింది. మనిషి ఉన్నప్పుడు ఇచ్చిన ఆదరణను ఆయన పోయాక కూడా మన ఊరు నిలుపుకున్నది.

ఆయన మరణానంతరం రాతబల్ల మీద ఆఖరుగా రాసుకున్నది ఏమిటని చూస్తే, సూరె బఖరా 112వ ఆయతు భావం కనిపించింది. అల్లాహ్‌కు తన్ను తాను అప్పగించుకుని మంచి పనులు చేసేవాని ప్రతిఫలం అతని ప్రభువు వద్ద ఉంటుందని, అలాంటివారికి భయం గాని దుఃఖం గాని ఉండదని ఆ ఆయతు సారాంశం. లోకం మెచ్చిన రోజులనూ, ముఖం తిప్పుకున్న రోజులనూ చూసిన మనిషి చివరికి ఎవరి మెప్పు మీద చూపు నిలిపాడో దీన్ని బట్టి అర్థమవుతుంది.

మనం గ్రహించవలసినవి

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. పని చేసేవాడు అల్లాహ్ మెప్పు కోసం చేయాలి కదా, మరి మనం మెచ్చుకోవటం ఎందుకు? పని చేసేవాని బాధ్యత వేరు, చూసేవాని బాధ్యత వేరు. చేసేవాడు మెప్పు ఆశించకూడదు. చూసేవాడు మెప్పు ఆపుకోకూడదు. అతను ఆశించకపోవటం అతని ఇఖ్లాస్. మనం చెప్పటం మన షుక్ర్.

రెండవది, హౌసలా అఫ్జాయీకీ ఖుషామద్‌కూ తేడా తెలియాలి. ఒకరు మరొకరిని ఎదుటనే మితిమీరి పొగిడినప్పుడు, అది అతని మెడ కోసినట్లేనని ప్రవక్త (స) హెచ్చరించారు. పొగడక తప్పకపోతే, ఫలానావాడు ఇటువంటివాడని నేను అనుకుంటున్నాను, అతని అసలు లెక్క అల్లాహ్ వద్ద ఉంది అనే హద్దులో ఉండమన్నారు. ఖుషామద్ ఎప్పుడూ మనకు లాభం ఉన్నవారి వైపు, పై వైపు నడుస్తుంది. మినిస్టరుకు, సేఠ్‌కు, కమిటీ సదర్ సాబ్‌కు పూలదండలు వేసే మనం ఇంటి కోడలికి, పనివాడికి, మక్తబ్ పిల్లవాడికి ఒక్క మంచి మాట చెప్పడానికి పిసినారులమవుతాం. ఎవరి నుంచి మనకు ఏమీ రాదో వారిని మెచ్చుకుని చూడండి. మన నియ్యత్ ఎంత శుభ్రంగా ఉందో అప్పుడు తెలుస్తుంది.

మూడవది, మాట సమయానికి చెప్పాలి. జనాజా వద్ద నిలబడి, పోయినవాడు ఎంత మంచివాడో చెప్పుకోవటంలో మనకు సాటి లేదు. అదే మాట అతను బతికి ఉండగా చెవిన పడి ఉంటే ఇంకొంత మంచి చేసి ఉండేవాడు కదా! షేఖ్ మరాగీ ఆ మాటను అచ్చయిన పుస్తకం చేతికి వచ్చాక చెప్పలేదు, పని ఆగిపోయేలా ఉన్నప్పుడు చెప్పారు.

నాల్గవది, మేలు చేసినవాడు మనవాడా, పరాయివాడా అని చూడకూడదు. మన తెలుగులో ఖుర్ఆన్‌కు తొలి అనువాదకునిగా పేరుపొందిన చిలుకూరి నారాయణరావు గారు ముస్లిం కారు. ఆయన శ్రమను మన పిల్లలకు చెప్పామా? ఆ తర్వాత ఇదే సేవ చేసిన తెలుగు ముస్లిం పండితుల పుస్తకాలు మన అల్మారాల్లో ఉన్నాయి. వారి కోసం ఒక్క దుఆ అయినా చేశామా?

ఐదవది, కొత్తగా ఇస్లాంలోకి వచ్చిన సోదరులను తలచుకోండి. వారు కలిమా చదివిన రోజున అందరం కౌగిలించుకుంటాం. నెల తిరిగేసరికి వారి నమాజులో తప్పులు, ఉచ్చారణలో లోపాలు మాత్రమే మనకు కనిపిస్తాయి. సొంత బంధువుల మధ్య ఒంటరివారై మస్జిద్‌కు వచ్చిన మనిషి, అక్కడ కూడా ఒంటరివాడైతే ఎక్కడికి పోతాడు? పిక్తాల్ సాహెబ్‌కు బొంబాయి, మద్రాసు, హైదరాబాదు చోటిచ్చాయి. మన మొహల్లాకు వచ్చినవారికి మనం ఇస్తున్నామా?

సాయంత్రం పూట చిలకలగూడ, వారాసిగూడ, సీతాఫల్‌మండి గల్లీల్లో చిన్నపిల్లలు సిపారా చంకన పెట్టుకుని మక్తబ్‌కు వెళ్తుంటారు. వారిలో ఎవరిని అల్లాహ్ ఏ సేవకు ఎన్నుకున్నాడో మనకు తెలియదు. ఈ రాత్రి మీ ఇంట ఒక సూరా కంఠస్థం చేసిన పిల్లవాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకోండి. ముందు సాంతం వినండి. ఏ ఆయతు బాగా చదివాడో ఆ ఆయతు పేర్కొని మెచ్చుకోండి. తప్పు ఆ తర్వాత చెప్పండి. అన్నం వడ్డించిన ఇల్లాలికి జజాకిల్లాహు ఖైరన్ అనండి. ఉపకారం చేసినవారికి ఈ దుఆ పలికినవాడు ఆ ఉపకారాన్ని పూర్తిగా కొనియాడినట్లేనని ప్రవక్త (స) తెలిపారు. దీనికి డబ్బు అక్కర్లేదు, విద్య అక్కర్లేదు.

ఓ అల్లాహ్! నీ దాసుడు ముహమ్మద్ మార్మడ్యూక్ పిక్తాల్ సేవను స్వీకరించు. ఆయనను నిలబెట్టిన చేతులకూ, ధైర్యం చెప్పిన నాలుకలకూ పుణ్యం ప్రసాదించు. మా నాలుకలను నీకూ, నీ దాసులకూ కృతజ్ఞత తెలిపే నాలుకలుగా చేయి. ఆమీన్.